గోడని ఎవరూ కొట్టలేదు

మా పక్కింటి టీచరుగారు పోయారన్న కబురు నాకు హిందీలో వచ్చింది. షాపులో గ్రాఫు పుస్తకాల కట్ట విప్పుతున్నాను. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, "మాతాజీ నహీ రహీఁ" అని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఏ మాతాజీ అని నేను అడగలేదు. కబురుతో పాటు పెట్టిన ఫోటోలో మా గేటు పక్క గేటు కనిపిస్తోంది.

ఆ పొద్దున్నే గోడ మీద టకటకా కొట్టి, "ఒలే, టీ మరిగిపోతాంది, వస్తావా, పారబొయ్యనా" అని పిలిచిన మనిషి. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీద ఉండగానే వెళ్ళిపోయారట. నేను షట్టరు దించి ఇంటికి నడిచాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. భిలాయిలో మా రిసాలి కాలనీలో సగం ఇళ్ళ పిల్లలకి ఇంగ్లీషు నేర్పిన మనిషి. ఆవిడ చావు కబురులో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు, తెలుగు ముక్క అంతకన్నా లేదు. ఆవిడే చదివి ఉంటే పకపకా నవ్వి, "మాతాజీ ఏటే, నాకింకా పళ్ళు ఊడలేదు" అనేవారు.

చదివేవాళ్ళకి ఆవిడ ఎవరో చెప్పాలి కదా. ఉక్కు ప్లాంటు క్వార్టర్లు జంటగా కడతారు, రెండు ఇళ్ళకి మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఇటు మేము, అటు టీచరుగారు. విజయనగరం వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చారు. భర్త ప్లాంటులో, ఆవిడ బడిలో. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. కొడుకు దుర్గ్‌లో కాంట్రాక్టులు చేస్తాడు, మంచివాడు, వారం వారం వస్తాడు. నేను ఆ ఇంట్లో ట్యూషను చదివి, ఈ ఇంట్లోనే పెళ్ళి చేసుకుని, ఇల్లరికం వచ్చిన మా ఆయనతో ఇక్కడే ఉండిపోయాను. అంటే నా బతుకంతా ఆ గోడకి ఒక పక్కో రెండో పక్కో గడిచింది.

ఆవిడ ఇంగ్లీషు చెప్పే పద్ధతి వేరు. అర్థం రాసుకుని బట్టీ పడితే ఊరుకునేవారు కాదు. "మాటకి కూడా పుట్టిల్లుంటాదే. వాకబు చెయ్యకుండా ఇంటికి తెచ్చుకోకూడదు" అనేవారు, కోడల్ని తెచ్చుకున్నట్టు. కొత్త మాట చెప్పే ముందు టీ మీద తెట్టు చెంచాతో తీసి గ్లాసు అంచుకి అంటించడం ఆవిడకి అలవాటు. ఆ తెట్టు తీస్తున్నారంటే మేమందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం.

ఒకరోజు ఆ మాట 'అండర్‌మైన్'. నేను హుషారుగా లేచి, డిక్షనరీలో చూసింది చూసినట్టు, "బలహీనపరచు" అన్నాను.

"జ్వరమొస్తే బలహీనపరుస్తాది. అది వీకెన్. పాలల్లో నీళ్ళు కలిపితే పల్చబడతాది. అది డైల్యూట్. ఇది ఆ రకం కాదే. ఇది దొంగపని" అన్నారు.

తరవాత మమ్మల్నందరినీ కుర్చీల మీంచి దింపి నేల మీద కూర్చోబెట్టారు. మైన్ అంటే మీకందరికీ తెలుసు కదా, మీ నాన్నలు కరిగించే రాయి అక్కడి నుంచే వస్తాది అన్నారు. ఆ మాట పుట్టిల్లు ముడి ఖనిజమేనంటారు, ఫ్రెంచివాళ్ళ ఇంట పెరిగి ఇంగ్లీషు వాళ్ళింటికి కాపరానికొచ్చింది అన్నారు. గని తవ్వే పని తెలిసినవాళ్ళని రాజులు యుద్ధానికి తీసుకెళ్ళేవారట. కోట గోడ ఎంత బాదినా పడకపోతే, దూరంగా ఒక గుడారంలో గొయ్యి మొదలుపెట్టి, నేల లోపల్నుంచి గోడ కిందికి సొరంగం తవ్వేవారట. తవ్వినకొద్దీ పైన మట్టి కూలకుండా కర్రలు నిలబెట్టేవారు. ఆ కర్రల మధ్య ఎండు కంప, పంది కొవ్వు కుక్కి, ఒకరోజు నిప్పు పెట్టి బయటికి వచ్చేసేవారు.

"కర్రలు కాలిపోయాయి. అప్పుడేటయింది?" అని అడిగి, మా మొహాల్లోకి చూశారు. "గోడని ఎవరూ కొట్టలేదు. ముట్టుకోలేదు. దాని బరువుకి అదే కూలిపోయింది. అదీ అండర్‌మైన్ అంటే. అటు తరవాత మనిషి ధైర్యానికీ, నమ్మకానికీ అదే మాట వాడుకున్నారు."

ఎవరో అడిగారు, మనవాళ్ళు వెనకాల గోతులు తవ్వడం అంటారు, అదే కదా టీచరుగారూ అని. "మనవాళ్ళ గోతిలో నడిచొచ్చిన మనిషి పడతాడు. ఈ గోతిలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడతాడు" అన్నారు.

ఆ తరవాత ఆవిడ చేసిన పని నేను జన్మలో మరిచిపోను. వెడల్పు మూతి ఇత్తడి గిన్నె తెచ్చి, నిండా నీళ్ళు పోసి, గోడ వారగా నేల మీద పెట్టారు. కోట లోపలివాళ్ళు ఇలాగే పెట్టేవారట. పైన కావలివాడికి ఏమీ కనపడదు, కింద ఎవరైనా తవ్వుతుంటే నీళ్ళకి తెలుస్తుంది. మమ్మల్ని ఊపిరి కూడా బిగబట్టమన్నారు. కాసేపటికి గూడ్సు బండి వెళ్ళింది. ముందు కిటికీ అద్దాలు గలగలమన్నాయి, తరవాత నీళ్ళు వణికాయి. ఒకమ్మాయి కెవ్వుమంది. "అది బండిలే. కిటికీలు ముందు చెప్పాయి, నీళ్ళు తరవాత చెప్పాయి. కిటికీలు చెప్పకుండా నీళ్ళు ఒక్కటే చెప్తే అప్పుడు కెవ్వుమను" అన్నారు టీచరుగారు. ఆ గిన్నె ఇక అక్కడే ఉండిపోయింది. రోజూ నీళ్ళు మార్చేవారు. వీధి పిల్లులు వచ్చి తాగిపోయేవి.

ఇదంతా నా చిన్నప్పటి సంగతి. అసలు సంగతి మొన్నమొన్నటిది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో, గోడ మీద టకటక వినిపించింది. టీ వేళ కాదు. వెళ్ళేసరికి ఆవిడ నేల మీద కూర్చుని గిన్నెకేసి చూస్తున్నారు. "నీళ్ళు వణుకుతున్నాయే. కిటికీలు కదలటం లేదు. కింద ఏదో పడుతున్న సప్పుడు కూడా వస్తాంది" అన్నారు. నేను కూర్చున్నాను. చాలాసేపు చూశాను. నీళ్ళలో సీలింగు ఫ్యాను నీడ తప్ప ఏమీ లేదు.

"నాకు కనపడలేదు టీచరుగారూ. మళ్ళీ వస్తాను" అన్నాను.

భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళకి ఒక జబ్బుంది. ఏది అదిరినా ప్లాంటే. అలమారలో గ్లాసులు మోగితే ప్లాంటు. ఆరేసిన చీర ఎర్రబడితే ప్లాంటు. ఆకాశం రాత్రి పూట ఎర్రగా వెలిగితే బయటి ఊరి చుట్టాలు హడలి చస్తారు, మేము పక్కకి తిరిగి పడుకుంటాం. ఇంకెక్కడైనా నేల వణికితే జనం ఇళ్ళలోంచి పరిగెడతారు. మేము పరిగెట్టం. అది ప్లాంటు కాకపోవచ్చన్న ఆలోచనే మాకు రాదు.

మా ఆయన విని, "అరె, ప్లాంటే. ఇంకేటుంటాది?" అన్నాడు. ఎదురింటి భయ్యా అదే అన్నాడు. కొడుకు వచ్చి గిన్నె దగ్గర కూర్చుని, ఓపికగా చూసి, "ప్లాంటేనమ్మా" అన్నాడు. చెవుల డాక్టరుకి చూపించాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. అక్కడే వచ్చింది తంటా. చెవుల్లో లోపం లేకపోతే మరి ఎక్కడుందని? ఎవరూ పైకి అనలేదు. అందరూ ఆవిడతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. అరటిపళ్ళు తెచ్చేవారు. "ఏమీ లేదు మాతాజీ, ఆరామ్‌గా ఉండండి" అనేవారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నన్ను చూసి కణతకి వేలు ఆనించి, పాపం అన్నట్టు తల ఊపేవారు. నాకు ఆ వేళ్ళు విరిచెయ్యాలనిపించేది.

ఆవిడ మారిపోయారు. టీ మీద తెట్టు తియ్యకుండా తాగేశారు ఒకరోజు. గ్యాసు కట్టేశానా అని నన్ను అడిగారు, ఎన్నడూ అడగని మనిషి. ఒక మాట స్పెల్లింగు చెప్పి, మళ్ళీ డిక్షనరీ తెరిచి చూసుకున్నారు. కొడుకు ఆదివారం బండి తెచ్చి దుర్గ్ తీసుకెళ్ళిపోతానన్నాడు. ఇల్లు తాళం పెట్టేస్తానన్నాడు. అతని తప్పేమీ లేదు, తల్లి ఒంటరిగా నేలకి చెవి ఆనించి పడుకుంటోందంటే ఏ కొడుకైనా అదే చేస్తాడు.

"మీరంతా మంచోళ్ళే. అందుకే నాకు భయమేస్తాంది" అన్నారు టీచరుగారు శుక్రవారం నాడు నాతో. "ఒక్కరు కసిరినా బాగుణ్ణు, తిరగబడుదును. ఎవరూ ఏటీ అనరు. పళ్ళు తెస్తారు. ఒక్కొక్కరు వచ్చి లేదు లేదు అని వెళ్తే, నాలో ఒక్కో కర్ర కాలిపోతున్నట్టుందే. గోడని ఎవరూ కొట్టలేదు కదా?"

"నేను లేదనలేదు" అన్నాను.

"అవును. కనపడలేదు అన్నావు. ఆ ఒక్క కర్ర మీదే నిలబడ్డాను."

శనివారం షాపు మూసేసి మధ్యాహ్నమే వెళ్ళి కూర్చున్నాను. కనబడితే ఒకలా, కనబడకపోతే ఇంకోలా అని ఏమీ అనుకోలేదు. ఆవిడ కుర్చీలో, నేను నేల మీద. వాన వెలిసింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. గూడ్సు బండి వెళ్ళింది, కిటికీలు మోగాయి, నీళ్ళు వణికాయి, అన్నీ సర్దుకున్నాయి. వీధిలో కుక్క కూడా అరవటం లేదు. అప్పుడు గిన్నె మధ్యలో చిన్న సున్నా పుట్టింది. అంచు దాకా పాకింది. ఇంకోటి పుట్టింది. నేను కిటికీల వంక చూశాను. అద్దాలు కదలటం లేదు. నేల మీద చెంప ఆనించాను. గచ్చు చల్లగా ఉంది. చాలా లోతున, ఇంటికి నేల ఉండాల్సిన చోటు కన్నా చాలా కింద, ఒక రాయి నీళ్ళలో బుడుక్‌మని పడింది.

చెంప నేల మీంచి ఎత్తి ఆవిడ వంక చూశాను.

"విన్నాను" అన్నాను.

టీచరుగారు ఏడవలేదు, నవ్వలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో నెమ్మదిగా తుడుచుకున్నారు. "అయితే గ్యాసు కట్టేసే ఉంటాను" అన్నారు. ఆవిడ బుర్ర మీద ఆవిడకి నమ్మకం తిరిగొచ్చింది, ఆ ముక్కే ఆవిడ నోట అలా వచ్చింది.

ఆదివారం కొడుకు వచ్చాడు. "అన్నయ్యా, తీసుకెళ్దువు గాని, ముందు నేల పగలగొట్టించు. ఏమీ లేకపోతే నేనే బట్టలు సర్దుతాను" అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా నోటికి జడిసి ఒప్పుకున్నాడు. పక్క ఊరు ఉతై నుంచి పనికొచ్చే మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ నవ్వుకుంటూనే గునపం ఎత్తాడు. మూడో పోటో నాలుగో పోటో, గచ్చు బీట వారింది. తరవాతి పోటుకి గునపం చేతిలోంచి జారింది. నేల మీద పడలేదు. లోపలికి పోయింది. మేమందరం ఆ నల్లటి కంతకేసి చూస్తూ ఉండిపోయాం. చప్పుడు రాదేం, చప్పుడు రాదేం అనుకునేంత సేపు గడిచాక, కింద ఎక్కడో నీళ్ళు చిందాయి.

మేస్త్రీ వీధిలోకి పరుగెట్టాడు. కొడుకు గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు. టీచరుగారు మాత్రం, "కుర్చీ ఇంకొంచెం వెనక్కి లాగు" అన్నారు నాతో.

మర్నాడు మేస్త్రీ తన ముసలి తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ కంత దగ్గరికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు లోపలికి వదిలి, దండం పెట్టుకుంది. ప్లాంటు రాకముందు వాళ్ళ ఊరు ఇక్కడే ఉండేదట. ఊరు ఖాళీ చేసినప్పుడు, విప్పేసిన ఇళ్ళ తలుపులు, దూలాలు, ముళ్ళకంపలు అన్నీ ఈ బావిలో వేసి, పైన మట్టి కప్పేసి వెళ్ళిపోయారట. ఆ మట్టి మీద మన క్వార్టర్లు లేచాయి. ఇన్నేళ్ళూ మనల్ని మోసింది ఆ తలుపులూ దూలాలే. అవి చీకి, ఒక్కొక్కటీ విరిగి పడుతున్నాయి.

"చూశావా, కర్రలు" అన్నారు టీచరుగారు నా చెవిలో. "నిప్పు ఎవరూ పెట్టక్కర్లేదే. తడి చాలు."

వెళ్ళబోతూ ముసలావిడ గుమ్మంలో ఆగింది. "ఇహాఁ దూ ఠన్ కుఆఁ రహిస్" అంది. ఇక్కడ రెండు బావులుండేవని. రెండోది ఎక్కడ అని అడిగాం. అటూ ఇటూ చూసింది. చెట్లు లేవు, దారులు లేవు, ఆవిడకి గుర్తు పట్టడానికి ఏమీ మిగల్లేదు. చెయ్యి ఊరికే గాల్లో ఊపి వెళ్ళిపోయింది. ముసలావిడ, ఏదో అంది అనుకున్నాం.

బావిని రాళ్ళతో పూడ్చి పైన కాంక్రీటు పోశారు. కొడుకు తల్లి పాదాల దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నువ్వేటి చేస్తావురా, భిలాయి పిల్లడివి. ప్లాంటనుకున్నావు" అని తల నిమిరారు. దుర్గ్ ఊసు మళ్ళీ ఎత్తలేదు. కణతకి వేలు ఆనించినవాళ్ళంతా ఇప్పుడు ఇంట్లో కుర్చీ కిర్రుమన్నా ఆవిడ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. ఆవిడ అందరికీ టీ ఇచ్చేవారు. తెట్టు తీసి మరీ. అరటిపళ్ళు మాత్రం ఇంక తేవద్దన్నారు, మొహం మొత్తిందట.

ఆ తరవాత రెండేళ్ళు ఆవిడ ఆ ఇంట్లోనే, ఆవిడ బుర్రతో ఆవిడ బతికారు. కుర్చీలో పోయారు. నాకు అంతకన్నా ఏం కావాలి? అయినా కావాలి. పొద్దున్నే గోడ మీద టకటక కావాలి. ఎవరి మీద కోప్పడాలో తెలియక మా ఆయన మీద కోప్పడుతున్నాను, పాపం పడుతున్నాడు.

మనవాళ్ళ అలవాటు మీకు తెలుసు. మనిషి పోయిన చోట దీపం పెట్టి, పక్కన నీళ్ళు పెడతారు, పదో రోజు దాకా. కోడలు వంటింట్లో వెతికి, చేతికందిన పాత్ర తెచ్చి పెట్టింది. ఆ ఇత్తడి గిన్నే. ఆ అమ్మాయికి దాని సంగతి తెలియదు. అన్ని రోజులూ రోజూ వెళ్ళి ఆ దీపం ముందు కూర్చున్నాను. బండి వెళ్ళినప్పుడు కిటికీలు మోగేవి, నీళ్ళు వణికేవి. మిగతా వేళల్లో నీళ్ళు కదలకుండా దీపాన్ని చూపించేవి. టీచరుగారి ఇంటి కింద ఇప్పుడేమీ లేదు. అది గట్టి నేల.

పదో రోజు అయ్యాక, "ఆవిడ గుర్తుగా నీకేం కావాలి చెల్లెమ్మా" అన్నాడు కొడుకు. గిన్నె అడిగాను.

"పోయినోళ్ళ దగ్గర పెట్టింది ఇంట్లోకి తెస్తావేటే!" అన్నాడు మా ఆయన. చింతపండు పెట్టి తోమి, నీళ్ళు నింపి, మధ్య గోడకి మా వైపున, మా అమ్మాయి మంచం పక్కన పెట్టాను. ఎందుకు అక్కడే పెట్టానంటే, ఆవిడ గోడ కదా, అంతే. అమ్మాయి బడికి వెళ్ళింది. నేను మంచం మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాద్దామని పెన్ను తీశాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి, ఊరికే గిన్నెకేసి చూస్తున్నాను.

నీళ్ళ మధ్యలో చిన్న సున్నా పుట్టింది.

మా ఆయన్ని పిలిచాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ప్లా..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెలోకి చూశాడు. ఇంకో సున్నా పుట్టి అంచు దాకా వచ్చింది. ముసలావిడ గాల్లో ఊపిన చెయ్యి మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది, అడగక్కర్లేదు. అతను లేచి, తువ్వాలు భుజం మీద వేసుకుని, అమ్మాయి మంచానికి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి దాన్ని ముందు గదిలోకి మోసుకుపోయాం.

మేస్త్రీకి ఫోను చేశాం. ఈసారి గునపానికి తాడు కట్టుకుని వస్తానన్నాడు. అమ్మాయిని బడి నుంచి తిన్నగా దుర్గ్‌లో టీచరుగారి కొడుకు ఇంటికి పంపించేశాం. మేమిద్దరం వెళ్ళిపోకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాం, లోపలికి అడుగు వెయ్యకుండా. మంచం తీసేసిన చోట గచ్చు మీద దుమ్ము చారలు నాలుగు మూలలా మిగిలాయి. వాటి పక్కన గిన్నె. నీళ్ళ మీద మధ్యాహ్నపు వెలుతురు వణుకుతోంది.

ఇద్దరం కిటికీల వైపు చూశాం. అవి కదలటం లేదు.